మన ఉన్నత పాఠశాలలలో సామాన్యశాస్త్రము

శతవార్షికోత్సవ సంచికలలో భవనాలను గురించి, వాటిని కట్టించినవారిని గురించి వ్యాసాలు వచ్చుట పరిపాటి. అవి రావలసినవే. అయితే ఆ గోడల మధ్య పిల్లలకు ఏమి చెప్పబడినది, ఏ భాషలో చెప్పబడినది, ఎవరి పిల్లలకు చెప్పబడినది అనే ప్రశ్నలు కూడా చరిత్రలో భాగమే గనుక, మేము ఈ వ్యాసమునకు ఒకే ఒక పాఠ్యాంశమును ఎన్నుకొన్నాము. అది సామాన్యశాస్త్రము. భౌతిక, రసాయన, జీవశాస్త్రాల మొదటి మెట్లు మూడింటిని ఒకచోట చేర్చి, ఉన్నత పాఠశాల విద్యార్థికి అందించే ఈ పాఠ్యాంశము మన తెలుగునాట ఎట్లు ప్రవేశించినది, ఎట్లు పెరిగినది, ఎక్కడ ఆగిపోయినది అనునది క్లుప్తంగా చెప్పుటకు ప్రయత్నిస్తాము.

తొలి రోజులు

తెలుగు జిల్లాలలో ఇంగ్లీషు ఉన్నత విద్యకు పునాది వేసిన పాఠశాలలలో మచిలీపట్టణములో రాబర్టు నోబుల్ 1843లో ప్రారంభించినది ముఖ్యమైనది. అదే తరువాత నోబుల్ కళాశాల అయినది. ఆ కాలపు పాఠశాలలలో ప్రకృతిశాస్త్రము ‘నేచురల్ ఫిలాసఫీ’ అనే పేరుతో ఉండేది. గడియారపు లోలకము, కప్పీలు, దూరదర్శిని, వాయుభారమాపకము మొదలైన వాటిని గురించి ఇంగ్లీషు పుస్తకములో చదివి అప్పజెప్పుటయే పాఠము. 1854లో వచ్చిన వుడ్ దొర విద్యా ప్రణాళిక ఐరోపా శాస్త్రజ్ఞానమును ఈ దేశములో వ్యాపింపజేయవలెనని చెప్పినది. 1857లో మద్రాసు విశ్వవిద్యాలయము ఏర్పడినది. దానితో ఉన్నత పాఠశాల చదువంతా మెట్రిక్యులేషను పరీక్ష చుట్టూ తిరుగసాగినది. పరీక్షకు కావలసినది జ్ఞాపకశక్తి. ఇంగ్లీషు భాషయే ప్రధానమైన ఆ పరీక్షలో శాస్త్రమునకు దక్కిన చోటు కొద్దిపాటిదే.

ఇక్కడ ఒక సంగతి దాచకుండా చెప్పుకొనవలెను. ఆనాటి ఉన్నత పాఠశాలలు, మిషను పాఠశాలలతో సహా, చాలవరకు అగ్రకులాల బాలురకే తెరువబడినవి. మాల, మాదిగ పల్లెలలో వెలసిన చిన్న బడులు అక్షరములు, అంకెలు నేర్పినవి. అది ఆ రోజులలో సామాన్యమైన పని కాదు. కాని అక్కడినుండి శాస్త్రపాఠము ఉన్న తరగతి గదివరకు నడిచి వచ్చిన పిల్లలు బహు కొద్దిమంది. కావున మన శాస్త్రబోధన చరిత్ర ఆదినుండి ఒక లోటుతోనే మొదలైనది. ఆ లోటు ఎంతవరకు పూడినది అనునదే ఈ కథకు కొలబద్ద అని మా అభిప్రాయము.

ఒక సూర్యగ్రహణము

తొలి పాఠశాలల కాలములోనే ప్రపంచ శాస్త్రచరిత్రలో చెప్పుకోదగిన సంఘటన ఒకటి మన గుంటూరులో జరిగినది. 1868 ఆగస్టు 18వ తేదీన సంపూర్ణ సూర్యగ్రహణము పట్టినది. దానిని పరిశీలించుటకు ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు జాన్సెన్ గుంటూరుకు వచ్చి, తన వర్ణపటదర్శినిని సూర్యునివైపు త్రిప్పి చూచినాడు. సూర్యుని అంచునుండి ఎగసే జ్వాలలు వెలుగుచున్న వాయువులని ఆనాడు తేలినది. గ్రహణము లేని రోజులలో కూడ ఆ జ్వాలలను చూడవచ్చునని మరునాడే ఆయన నిరూపించినాడు. మద్రాసు నక్షత్రశాలకు చెందిన పోగ్సన్ అదే గ్రహణమును మచిలీపట్టణమునుండి చూచినాడు. ఆ సంవత్సరపు పరిశీలనలలో కనిపించిన ఒక పసుపుపచ్చని గీత భూమిపై తెలిసిన ఏ మూలకమునకూ చెందినది కాదని తరువాత ఇంగ్లండులో లాకియరు గ్రహించినాడు. దానికి హీలియం అని పేరు వచ్చినది. 1895లో రామ్సే ఆ మూలకమును భూమిమీద కనుగొన్నాడు.

నేడు పాఠశాల పుస్తకములో జడవాయువుల పట్టికలో హీలియం మొదట ఉంటుంది. దాని కథలో గుంటూరు ఉన్నదని చెప్పిన ఉపాధ్యాయుని పాఠము పిల్లలు మరువరు. ఆనాడు గుంటూరు వీధులలో గ్రహణస్నానాలు చేసినవారికి తమ ఊరిలో ఏమి జరుగుచున్నదో చెప్పగల పుస్తకము తెలుగులో లేదు. శాస్త్రము మన ఊరికి వచ్చినది. మన భాషలోనికి రాలేదు.

తెలుగులో శాస్త్రము

ఆ పని మొదలుపెట్టినవారిలో కందుకూరి వీరేశలింగం పంతులుగారిని ముందు స్మరించవలెను. శరీరశాస్త్రమును, జంతువుల స్వభావమును, ఖగోళమును గురించి ఆయన తెలుగు వచనములో వ్రాసినారు. తరువాత 1906లో కొమఱ్ఱాజు లక్ష్మణరావుగారి పూనికతో వెలసిన విజ్ఞానచంద్రికా మండలి ఈ పనిని ఒక పద్ధతిలో పెట్టినది. ఆచంట లక్ష్మీపతిగారి జీవశాస్త్రము, మంత్రిప్రగడ సాంబశివరావుగారి పదార్థవిజ్ఞానశాస్త్రము, వేమూరి విశ్వనాథశర్మగారి రసాయనశాస్త్రము ఆ మండలి గ్రంథమాలలో వచ్చినవే. నేటి సామాన్యశాస్త్రములోని మూడు అంగములు అప్పుడే తెలుగులో మూడు పుస్తకాలుగా నిలిచినవి. అవి పరీక్షలకొరకు వ్రాసినవి కావు. ఇంగ్లీషు రాని పెద్దవారు ఇంటిలో కూర్చుండి చదువుకొనుటకు వ్రాసినవి.

పారిభాషిక పదాలే ఆ రచయితలకు పెద్ద చిక్కు. ఆక్సిజన్ ఆమ్లజని అయినది, హైడ్రోజన్ ఉదజని, నైట్రోజన్ నత్రజని అయినవి. కార్బన్ డయాక్సైడును కొందరు బొగ్గుపులుసు వాయువు అన్నారు. వినగానే అర్థమయ్యే మాట అది. ఈ పేర్లలో చిన్న చరిత్ర కూడ దాగి ఉన్నది. ఆమ్లజని అనగా ఆమ్లమును పుట్టించునది. ఆమ్లములన్నిటిలోను ఈ వాయువు ఉండితీరునని ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు లావోషియే తలచి ఆ పేరు పెట్టినాడు. ఉదజహరికామ్లములో, అనగా హైడ్రోక్లోరిక్ ఆమ్లములో, అది బొత్తిగా లేదని 1810 ప్రాంతములో హంఫ్రీ డేవీ తేల్చినాడు. అప్పటికే పేరు స్థిరపడిపోయినది. అందుచేత ఐరోపావారి పొరపాటు మన తెలుగు మాటలోనికి కూడ నడిచివచ్చినది. అట్లే మోలిక్యూలును అణువు, ఆటమును పరమాణువు అని తరగతిలో నేర్పుచు, వార్తాపత్రికలో మాత్రము అణుబాంబు, అణుశక్తి అని వ్రాయుచున్నాము. బుద్ధిమంతుడైన విద్యార్థి ఈ తేడాను పట్టుకొని అడుగును. అతనికి జవాబు చెప్పవలెనన్న ఉపాధ్యాయునికి ఈ చరిత్ర తెలిసి ఉండవలెను.

కిరణజన్య సంయోగక్రియ, పత్రహరితము, ద్రవాభిసరణము, గుప్తోష్ణము, వక్రీభవనము వంటి మాటలు పిల్లలను భయపెట్టునని అనేవారున్నారు. మాట పొడవు వలన భయము కలుగదని మా అనుభవము. వస్తువును చూపకుండ మాటను చెప్పినప్పుడే భయము కలుగును.

ఎస్.ఎస్.ఎల్.సి. కాలము

మద్రాసు రాజధానిలో 1911 నుండి మెట్రిక్యులేషనుకు బదులు ఎస్.ఎస్.ఎల్.సి. పద్ధతి వచ్చినది. అందులో అందరికీ కొంత ప్రాథమిక విజ్ఞానము ఉండగా, భౌతిక రసాయన శాస్త్రాలు ఐచ్ఛిక విభాగములో ఉండేవి. ప్రయోగశాల ఉన్న పెద్ద పట్టణపు పాఠశాలలలో మాత్రమే వాటిని తీసుకొనుటకు వీలుండేది. బాలికల పాఠశాలలలో వాటికి బదులు గృహవిజ్ఞానము, ఆరోగ్యశాస్త్రము ఎక్కువగా కనిపించేవి. పాలు కాచుట, గాయమునకు కట్టుకట్టుట నేర్పినందుకు వాటిని చిన్నచూపు చూడనక్కరలేదు. అయితే పాలు ఎందుకు పొంగును, గాయము ఎందుకు చీము పట్టును అనే ప్రశ్నలకు భౌతికశాస్త్రము, జీవశాస్త్రము కావలెను. ఆ తలుపు బాలికలకు చాలకాలము సగమే తెరచి ఉంచినారు.

1926లో ఆంధ్ర విశ్వవిద్యాలయము ఏర్పడినది. కొంతకాలమునకు వాల్తేరులో భౌతిక రసాయన శాస్త్రాల బోధన బలపడినది. సూరి భగవంతంగారు, టి.ఆర్. శేషాద్రిగారు వంటివారు అక్కడ ఆచార్యులుగా పనిచేసినారు. అక్కడినుండి పట్టము పుచ్చుకొని వచ్చిన యువకులు జిల్లాలలో సైన్సు ఉపాధ్యాయులైనారు. 1930ల చివరి సంవత్సరాలనుండి ఉన్నత పాఠశాలలలో మాతృభాషలో బోధించు పద్ధతి స్థిరపడసాగినది. ఇంగ్లీషులో నేర్చుకొన్న శాస్త్రమును తెలుగులో చెప్పవలసిన భారము మొదట మోసినది ఈ ఉపాధ్యాయులే.

తెలంగాణములో కథ వేరు. హైదరాబాదు సంస్థానములో 1918లో ఉస్మానియా విశ్వవిద్యాలయము ఉర్దూ మాధ్యమముతో ఆరంభమైనది. దానికి ముందే ఏర్పడిన అనువాదశాఖ శాస్త్రగ్రంథాలను ఉర్దూలోనికి తెచ్చినది. భారతీయ భాషలో విజ్ఞానశాస్త్రమును విశ్వవిద్యాలయ స్థాయిలో బోధించుట ఘనమైన సాహసమే. కాని తెలుగు ఇంటి పిల్లవాడు భౌతికశాస్త్రమును తబీయాత్ అని, రసాయనమును కీమియా అని నేర్చుకొని, ఇంటికి వచ్చి తల్లికి చెప్పవలెనన్న మాటలు లేక మూగవాడయ్యేవాడు. ఒకచోట ఇంగ్లీషు, ఒకచోట ఉర్దూ. రెండుచోట్లను తల్లిభాష తరగతి గుమ్మము వెలుపలనే నిలిచినది.

సామాన్యశాస్త్రము అనే పేరు

స్వాతంత్ర్యము వచ్చిన తరువాత 1952లో లక్ష్మణస్వామి ముదలియారుగారి అధ్యక్షతన మాధ్యమిక విద్యా సంఘము నియమింపబడినది. 1953లో వచ్చిన దాని నివేదిక, ఉన్నత పాఠశాలలో ఏ శాఖ చదువు విద్యార్థికైనను సామాన్యశాస్త్రము అవసరమని సిఫారసు చేసినది. కొద్దిమంది ఐచ్ఛికముగా చదువుకొన్న విద్య అందరికీ విధి అయినది. అక్షరాలు నేర్పిన పల్లెబడి నుండి వచ్చిన పిల్లవానికి, బాలికకు, వ్యవసాయ కూలీ కుమారునికి శాస్త్రపాఠము ఒక హక్కుగా లభించినది ఈ మార్పుతోనే.

ఆ సంవత్సరాలలోనే మరియొక మార్పు పాఠమును బజారుతో కలిపినది. 1957 ఏప్రిల్ 1న నయాపైసలు వచ్చినవి. 1962 ఏప్రిల్ నాటికి తూనికలు, కొలతలలో మెట్రిక్ పద్ధతి విధిగా చేయబడినది. అంతవరకు ఇంటిలో వీశెలు, మణుగులు. తరగతిలో పౌనులు, అడుగులు. ప్రయోగశాలలో గ్రాములు, సెంటీమీటర్లు. మూడు లోకాలవలె ఉండేవి. వీశె అనగా సుమారు 1.4 కిలోగ్రాములని, మణుగు అనగా 11.2 కిలోగ్రాములని లెక్కకట్టి పెద్దలకు చెప్పినవారు బడిపిల్లలే. శాస్త్రము నేర్చిన పిల్లవాడు ఇంటికి పనికివచ్చుట అనేక కుటుంబాలు అప్పుడే మొదటిసారి చూచినవి.

1964 నుండి 1966 వరకు పనిచేసిన కొఠారీ సంఘమునకు అధ్యక్షుడు స్వయముగా భౌతికశాస్త్రవేత్త. మొదటి పది సంవత్సరాలు అందరికీ శాస్త్రము, గణితము తప్పనిసరి కావలెనని ఆ సంఘము గట్టిగా చెప్పినది. కాని మూడు శాస్త్రాలను కలిపి ఒకటిగా చెప్పు పద్ధతి తగినంత ఫలితము ఇవ్వలేదని, పై తరగతులలో వేరువేరుగా చెప్పుట మేలని కూడ తలచినది. మన రాష్ట్రాలలో ఈ రెండు ఆలోచనలకు మధ్య రాజీ కుదిరినట్లున్నది: పదవ తరగతి పట్టికలో సామాన్యశాస్త్రము అనే ఒకే పేరు ఉండగా, దానికింద భౌతిక రసాయనములకు ఒక పత్రము, జీవశాస్త్రమునకు ఒక పత్రము ఉన్నవి.

బీరువా తాళము

పుస్తకములో ఏమి ఉన్నను, శాస్త్రము పిల్లలకు గుర్తుండేది ప్రయోగము వలననే. పాతతరమువారిని అడిగి చూడండి. జింకు ముక్కలపై సజల ఆమ్లము పోసి ఉదజనిని పట్టి, పరీక్షనాళిక మూతివద్ద పుల్ల వెలిగించగా ‘టప్’మని పేలిన శబ్దము చెప్పుదురు. ఆరబోవు పుల్లను ఆమ్లజని జాడీలో పెట్టగా భగ్గున మండుట చెప్పుదురు. గరాటు క్రింద హైడ్రిల్లా మొక్కను ఉంచి ఎండలో పెట్టి బుడగలు లెక్కపెట్టుట, ఆకును స్పిరిటులో ఉడికించి అయోడిన్ చుక్క వేయగా నల్లబడుట, సున్నపుతేటలోనికి గొట్టముతో ఊదగా పాలవలె తెల్లబడుట చెప్పుదురు. సూత్రాలు మరచినవారు సైతము వీటిని మరువలేదు.

అయితే వీటిని చూచినవారు ఎందరు, చేసినవారు ఎందరు? మేము ఎరిగిన పాఠశాలలు కొన్నింటిలో అద్దాల బీరువా ఒకటి ఉండేది. అందులో రోమను త్రాసు, గంటజాడీ, ఉల్ఫ్ సీసా, విద్యుద్దర్శిని అందముగా అమర్చి ఉండేవి. తనిఖీ అధికారి వచ్చిన రోజున తాళము తీయుదురు. పగిలిన సీసాకు ఉపాధ్యాయుని జీతమునుండి కోత ఉండుననే భయముచేత ఆయన దానిని తాకనిచ్చేవాడు కాదు. ఆయనను నిందించి లాభములేదు. వస్తువు విలువ పట్టీలో వ్రాసి, పిల్లవాని కుతూహలము విలువ ఎక్కడను వ్రాయని పద్ధతిది.

ఈ చిక్కుకు జవాబు చాలకాలము క్రిందటనే దొరికినది. రెండవ ప్రపంచ యుద్ధములో పాడైన దేశాల పాఠశాలలకొరకు యునెస్కో 1948లో ఒక చిన్న పుస్తకము వెలువరించినది. అదే పెరిగి 1956లో శాస్త్రోపాధ్యాయుల ఆకరగ్రంథమైనది. ఖాళీ డబ్బాలు, సీసాలు, తీగముక్కలతో ప్రయోగాలు చేయు విధానమును అది నేర్పినది. మనదేశములో 1972లో మధ్యప్రదేశ్‌లోని హోషంగాబాదు జిల్లాలో 16 గ్రామీణ పాఠశాలలలో ఆరంభమైన శాస్త్రబోధన కార్యక్రమములో పిల్లలు జట్లుగా కూర్చుండి స్వయముగా ప్రయోగాలు చేసి, జవాబులు తామే కనుగొనేవారు. దానికి పునాది వేసిన రెండు సంస్థలలో రసూలియాలోని క్వేకరు మిత్రుల గ్రామీణ కేంద్రము ఒకటి. ఆ కార్యక్రమము 2002లో నిలిపివేయబడినది. అయినను ముప్పది సంవత్సరాలపాటు అది సాధ్యమని నిరూపించినది.

ఊరే ప్రయోగశాల

మన పాఠ్యపుస్తకాలలో చిరకాలము ఉదాహరణలు పరదేశపువే. మంచుతో పగిలిన నీటిగొట్టము, ఆవిరియంత్రము, పొగగూడు. మన పిల్లలు చూచినవి వేరు. పొలములో ఏతాము మొదటి తరగతి తులాదండము. అడకత్తెర రెండవ తరగతి. ముల్లు తీసే శ్రావణము మూడవ తరగతి. కమ్మరి బండిచక్రపు పట్టాను ఎఱ్ఱగా కాల్చి, చక్రమునకు తొడిగి, నీరు పోసి బిగించినప్పుడు లోహముల వ్యాకోచ సంకోచములు కనబడును. కొత్తకుండలో నీరు చల్లబడుటలో గుప్తోష్ణమున్నది. పసుపునకు సున్నము కలిపి పారాణి చేసినప్పుడు క్షారపరీక్ష జరిగినది. దానిపై నిమ్మరసము పిండగా తిరిగి పచ్చబడును. పాలలో తోడువేయుట సూక్ష్మజీవుల పాఠము.

సున్నపు బట్టీని చూడండి. సముద్రతీరపు గుల్లలను కాల్చగా బొగ్గుపులుసు వాయువు పోయి సున్నము మిగులును. దానిని నీటిలో తడిపి గోడకు వేయగా, గాలిలోని అదే వాయువును మెల్లగా తిరిగి పుచ్చుకొని గట్టిపడును. తరగతిలో సున్నపుతేట తెల్లబడినది కూడ ఈ కారణము చేతనే. గుల్ల, బట్టీ, గోడ, పరీక్షనాళిక నాలుగును ఒకే రసాయన క్రియ యొక్క నాలుగు మజిలీలు.

ఈ పనులు చేసినవారి పిల్లలు ఎవరు? బట్టీ కాల్చినవారి పిల్లలు, తోళ్లు ఊనినవారి పిల్లలు, ఏతాము తొక్కినవారి పిల్లలు. ఇంటిలో తంగేడు చెక్కతో తోలు ఊనుట ఎరిగిన బిడ్డ రసాయనశాస్త్రము తెలియనిదై తరగతిలోనికి వచ్చినదని అనుకొనుట తప్పు. పేర్లు తెలియవు, కారణాలు తెలియవు, పదార్థము తెలుసు. సామాన్యశాస్త్రము తన పేరుకు తగినట్లు సామాన్యుల శాస్త్రము కావలెనన్న ఆ బిడ్డ చేతిలోని తెలివిని మొదట గుర్తించవలెను.

రెండవ గ్రహణము

1980 ఫిబ్రవరి 16న సంపూర్ణ సూర్యగ్రహణపు నీడ మన రాష్ట్రము మీదుగా సాగినది. హైదరాబాదు సమీపములోని జాపాల్-రంగాపూర్ నక్షత్రశాలవద్ద శాస్త్రజ్ఞులు యంత్రాలు అమర్చి వేచియున్నారు. అదే సమయమున పట్టణాల వీధులు నిర్మానుష్యములైనవి. తలుపులు మూసికొని, ఊరగాయ జాడీలపై గరిక వేసి, గర్భిణీ స్త్రీలను చీకటి గదులలో కూర్చుండబెట్టినారు. అప్పటికి సామాన్యశాస్త్రము విధిగా వచ్చి పాతిక సంవత్సరాలు దాటినది. సూర్యుడు, చంద్రుడు, భూమి ఒకే వరుసలో ఉన్న బొమ్మను పరీక్షలో చక్కగా గీచి మార్కులు తెచ్చుకొన్నవారే తలుపులు మూసినారు.

కంటిని కాపాడుకొనుట అవసరమే. గ్రహణపు సూర్యుని నేరుగా చూడరాదు. కాని అట్టముక్కకు సూదిబెజ్జము పొడిచి, దానిగుండా నేలపై పడిన నెలవంకవంటి సూర్యబింబమును క్షేమముగా చూడవచ్చును. చెట్టుక్రింద ఆకుల సందులనుండి పడిన వందల నెలవంకలను చూచిన కొద్దిమంది పిల్లలు ఆ రోజును జన్మలో మరువరు. పరీక్షలో జవాబు వ్రాయుటకు, జవాబును నమ్మి వాకిటిలోనికి వచ్చుటకు నడుమనున్న దూరము ఆనాడు బయటపడినది. ఆ దూరమును తగ్గించుటయే శాస్త్రబోధన చేయవలసిన పని.

నేటి స్థితి

1986 జాతీయ విద్యావిధానము తరువాత ప్రాథమిక పాఠశాలలకు సైతము శాస్త్రపరికరాల పెట్టెలు వచ్చినవి. కప్పకోత మన పాఠశాలలనుండి తొలగిపోయినది; అది మంచిదే. ఇటీవలి సంవత్సరాలలో రెండు తెలుగు రాష్ట్రాల ప్రభుత్వ పాఠశాలలలోను ఇంగ్లీషు మాధ్యమము విస్తరించి, ఒక పుటలో తెలుగు, ఎదుటి పుటలో ఇంగ్లీషు ఉన్న పుస్తకాలు వచ్చినవి. కొందరికి ఇది కష్టముగా తోచినది. మాకు ఇందులో ఒక మేలు కనిపించుచున్నది. నోబుల్ దొర కాలములో ఇంగ్లీషు పుట ఒక్కటే ఉండేది. సంస్థానములో ఉర్దూ పుట ఒక్కటే ఉండేది. ఇప్పుడు బిడ్డ రెండు పుటలను ప్రక్కప్రక్కన పెట్టుకొని, ఫోటోసింథసిస్ అని ఒకచోట, కిరణజన్య సంయోగక్రియ అని ఇంకొకచోట చదువుకొని, రెండింటిని పెరటిలోని తోటకూర ఆకుతో పోల్చుకొనవచ్చును. తెలుగు పుటను తెరవకుండ వదలివేయకుండుట మాత్రము ఉపాధ్యాయుల చేతిలో ఉన్నది.

పాఠశాలలు నడుపుచున్న పెద్దలకు మా విన్నపము ఒక్కటే. ఈ ఉత్సవాల సందర్భమున కొత్త గదులకు శంకుస్థాపనలు జరుగును, శిలాఫలకాలు వేయబడును. వాటితోపాటు ప్రతి ఉన్నత పాఠశాలలోను శాస్త్రపరికరాల బీరువా తాళపుచెవిని సైన్సు ఉపాధ్యాయునికి అప్పగించి, పగిలిన సీసాకు ఎవరి జీతములోను కోత ఉండదని ఒక తీర్మానము వ్రాయించండి. అందుకయ్యే ఖర్చు స్వల్పము. పరీక్షనాళికను మొదటిసారి తన చేతితో పట్టుకొన్న బిడ్డ, అది ఏ పల్లెనుండి వచ్చినదైనను, రేపు గ్రహణము నాడు తలుపు తీసుకొని వాకిటిలోనికి వచ్చును.